బర్రె నెత్తుటిలో సముద్రపు జాడ

"బర్ల నెత్తుట్ల ఉన్న సీసం వేరే, తొట్టిల దొరికిన సీసం వేరే అత్తమ్మా!"

ఫోన్ ఇంకా చెవి దగ్గర పెట్టుకునే కృతిక వేసిన కేకకు కొట్టంలోని నాలుగు బర్రెలూ ఒక్కసారిగా తలలెత్తాయి. గడప మీద కూచున్న ప్రమీలాదేవి సర్వపిండి ముక్కను నోట్లో వేసుకుని హాయిగా నమిలింది. పోలీసు శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, సిద్దిపేటలో తన ఇంటి ముందు గదికే డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు తగిలించుకున్న మనిషి ఆమె. కేసు ముడి వదులవుతున్నదని తెలిస్తే చాలు, ఎక్కడలేని ఆకలీ ఆమెకు అప్పుడే పుట్టుకొస్తుంది.

"ఇంకోసారి చెప్పు బిడ్డా. జర నిమ్మలంగ చెప్పు. కర్ణాకర్‌కు సుత సమజ్ కావాలె."

కొట్టం బయట చేతులు కట్టుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కర్ణాకర్ మొహం ముడుచుకున్నాడు. ఒకప్పుడు ఆమె కింద సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి, ఆమె చేత తిట్లు తిని పైకొచ్చినవాడే. ఆ గౌరవం ఉంది, ఆ మంటా ఉంది.

"సమజ్ కానీకి ఏమున్నది మేడం? సీసం సీసమే. తొట్టిల పగిలిన బ్యాటరీ ఉన్నది. బ్యాటరీ మీద నాగేశ్ దుకాణం స్టిక్కర్ ఉన్నది. పొలానికి పోయే తొవ్వ గురించి నాగేశ్‌కు ఈ బాలలక్ష్మికి లొల్లి ఉన్నది. మధ్యాహ్నం వాణ్ని కోర్టుల నిలవెడుత. మీరు వాని పెండ్లాం ఉష ఏడిస్తే కరిగి కేసు వట్టిన్రు. గంతే."

కేసు చూడటానికి అంత సులువుగానే ఉంది. దౌల్తాబాద్ శివారులో బాలలక్ష్మికి ఆరు బర్రెలు. కొన్నాళ్ళ కిందట అవి మేత మానేశాయి. పళ్ళు పటపట కొరికాయి. చూపు పోయి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి, గోడకు తల ఆనించి నిలబడిపోయాయి. రెండు చచ్చాయి. ఆ తర్వాతి అంగడి రోజున నీళ్ళ తొట్టిలో పగిలిన లారీ బ్యాటరీ బయటపడింది. పశువుల డాక్టరు పంపిన నెత్తురు పరీక్షలో సీసం ఉందని వచ్చింది. ఊళ్ళో అందరి వేళ్ళూ బాలలక్ష్మి పక్క పొలంవాడు, సిద్దిపేటలో బ్యాటరీల దుకాణం నడిపే నాగేశ్ వైపు తిరిగాయి; అప్పుడే అతని భార్య ఉష ప్రమీలాదేవి దగ్గరికి పరిగెత్తింది. నిన్న కర్ణాకర్ అతణ్ణి స్టేషన్‌కు తెచ్చి కూచోబెట్టాడు.

అయితే ప్రమీలాదేవి వేలు మాత్రం తన అన్న కూతురి వైపు తిరిగింది. కృతిక సముద్రాల మీద తిరిగే శాస్త్రవేత్త. ఓడలెక్కి, నడిసంద్రంలో నీళ్ళు తోడి, అందులో సీసం ఎంత ఉందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలుస్తుంది. రెండు ప్రయాణాల మధ్య సెలవుకు వచ్చిన పిల్లను మేనత్త బర్రెల కొట్టంలోకి దించింది. డాక్టరు దగ్గర బర్రె నెత్తురూ, చచ్చిన బర్రె కడుపులోని మేతా, తొట్టి నీళ్ళూ, బ్యాటరీ పలక ముక్కా తీసుకుని, ఆసిడ్‌తో కడిగిన సీసాల్లో పెట్టి, ఒక సంచి మీద ఇంకో సంచి కట్టి, కృతిక వారం కిందటే హైదరాబాద్‌లోని తన ల్యాబ్‌కు పంపింది. ఆ లెక్కే ఇప్పుడు ఫోన్‌లో వచ్చింది.

"సార్," అంది కృతిక కర్ణాకర్ ముందుకొచ్చి, "సీసం అంతా ఒక్క తీరుగనే కనవడ్తది. కాని దాని పరమాణువులల్ల నాలుగు బరువులు ఉంటయి. ఏ బరువుది ఎంత పాలు ఉన్నదనేది ఏ గని నుంచి తీసిన్రో దాన్ని వట్టి ఉంటది. గని మారితే పాళ్ళు మారుతయి. కరగవెట్టినా, కాలవెట్టినా, సముద్రంల కలిపినా గా పాళ్ళు మారవు."

"సముద్రంల సీసం ఎందుకుంటదమ్మా?"

"మనమే పంపినం. ఎనుకట పెట్రోల్‌ల సీసం కలిపేటోళ్ళు. గా పొగ గాలికి పోయి సముద్రం మీద వడ్డది. ఏ దేశం పొగ ఏడ వడ్డదో నీళ్ళే చెప్తయి. సముద్రంల సీసం ఎంత తక్కువుంటదంటే, మన వేలి మీది దుమ్ముల దానికన్న వెయ్యింతలు ఎక్కువుంటది. ఓడకు ఏసిన రంగు సుత నీళ్ళను చెడగొడ్తది. గంత తక్కువల్నే జాడ వడ్తం. మీ బర్రె నెత్తుట్ల కుప్పలు కుప్పలున్నది, దాని జాడ వట్టుడు ఎంత పని?"

ప్రమీలాదేవి గర్వంగా వీపు నిటారు చేసుకుంది. ఆ పిల్ల చిన్నప్పుడు బకెట్ నీళ్ళలో కాగితపు పడవలు వదిలి, చుట్టుపక్కల ఎవరినీ తడవకుండా ఉంచేది కాదు.

"తొట్టి నీళ్ళల్ల సీసం, బ్యాటరీల సీసం ఒక్కటే," కృతిక వేళ్ళు మడిచింది. "నెత్తుట్ల సీసం, కడుపుల మేతల సీసం ఒక్కటే. కాని ఈ జత, ఆ జత దగ్గర దగ్గరికి సుత రావు. ఇంకో ముచ్చట. కడుపుల మేతల సీసంతోని క్రోమియం సుత దొరికింది. బ్యాటరీల గది ఉండదు."

"అంటే?"

"అంటే," ప్రమీలాదేవి లేచి చీర దులుపుకుంది, "బర్లు బ్యాటరీతోని చావలేదు కర్ణాకర్. నీకు చూపియ్యనీకి బ్యాటరీని తొట్టిల ఏసిన్రు."

"మరి స్టిక్కర్?"

"నీ జీపుకు బ్యాటరీ ఎవలేసిన్రు?"

కర్ణాకర్ తన జీపు వైపు తిరిగి చూశాడు. అతని జీపుకూ బ్యాటరీ వేసింది నాగేశే. బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

ప్రమీలాదేవి తొట్టి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు ఎత్తిపోయించి పోలీసులు పసుపు టేపు చుట్టిన సిమెంటు తొట్టి అది. వంగి, లోపల చేయి పెట్టి అడుగంతా నిమిరింది.

"ఈడ చెయ్యి వెట్టు."

"నున్నగున్నది మేడం."

"లారీ బ్యాటరీల ఆసిడ్ బర్లు జబ్బు వడ్డప్పటి నుంచి గీడనే కారితే సిమెంటు గరుకు తేలదా? బాత్రూంల జరంత ఆసిడ్ పోస్తేనే బండ పాడయితది. ఆసిడ్ పారబోసి, కడిగి, ఉత్త డొక్కును తెచ్చి ఏసిన్రు. అది సుత మొన్నమొన్న."

కర్ణాకర్ ఈసారి తనే తొట్టి అడుగంతా తడిమి చూశాడు. అది ఆమెకు నచ్చింది. పని నేర్చినవాడే, ఒప్పుకోవడానికే జర టైం పడుతుంది.

ఆమె బాలలక్ష్మి పక్కన మంచం మీద కూచుంది. "బ్యాటరీని ముందు చూసింది ఎవలు?"

"నేనే మేడం. పొద్దుగాల నీళ్ళు వడుదామని పోతే కనవడ్డది. గప్పుడే మధుసూదన్ సారు సుత వచ్చిండు, బర్లు సచ్చినయని పలకరించనీకి. మంచి మనిషి. ఆయన మిల్లు దాణానే పెడ్తం మేము."

"వచ్చి ఏమన్నడు?"

"తొట్టిల చూసి, 'అయ్యో, గీ బ్యాటరీ సీసమే మీ బర్లను తిన్నది బాలలక్ష్మీ' అన్నడు. పోలీసోళ్ళకు ఫోన్ చేసింది సుత ఆయన్నే."

ప్రమీలాదేవి మరో సర్వపిండి ముక్క కోసం డబ్బా తెరిచింది. "గా రోజు వరకు డాక్టరు ఏమంటుండె?"

"పిచ్చికుక్క కరిచిందేమో అన్నడు. అందుకే పాలు సుత ఎవ్వలకు పొయ్యలేదు మేడం, అన్ని పారబోసిన. సీసం అని రిపోర్టు వచ్చింది తర్వాత కదా."

కర్ణాకర్ తల విసురుగా తిప్పాడు. డాక్టరుకే తెలియని పేరు దాణా మిల్లు యజమాని నోట అంతకు ముందే ఎలా వచ్చింది? అదే మాటను తనూ ఫోన్‌లో విని రాసుకున్న సంగతి అతని మొహంలో ఎర్రగా కనిపించింది.

"దాణా చూపియ్యి," అన్నది ప్రమీలాదేవి.

"పాత దాణా లేదు మేడం. పాపమని సారే కొత్త బస్తాలు ఊకెనే ఇచ్చిండు. మిగిలిన పాత బస్తాలు ట్రాలీల ఏస్కొని వాపసు తీస్కపోయిండు."

"మస్తు దయ ఉన్నది మనిషికి!"

ప్రమీలాదేవి నవ్వుతూనే మోకాళ్ళ మీద కూచుని బర్రెలు మేత తినే గాడిలోకి తల దూర్చింది. బండల మధ్య సందులో గట్టిపడ్డ పిండి ఉంది. హెయిర్‌పిన్ తీసి గీకింది. కృతిక గ్లవుజులు తొడుక్కుని ఆ పిండిని కొంత గాజు గ్లాసులోని నీళ్ళలో వేసి తిప్పింది. మక్కజొన్న పిండి పైకి తేలింది, నెమ్మదిగా నీళ్ళు తెల్లబడ్డాయి. అడుగున మాత్రం నిమ్మపండు రంగు పొడి బరువుగా, మెరుస్తూ కూచుంది.

"మక్క పిండి గింత తొందరగ మునగదు," కృతిక గొంతు తగ్గింది. "గింత బరువు, గీ రంగు, సీసంతోని క్రోమియం. అత్తమ్మా, ఇది గోడలకు, బండ్లకు ఏసే పసుపుపచ్చ రంగుల పడే పొడి. పుచ్చిపోయి నల్లబడ్డ మక్కలకు గిది జరంత పడ్తే కొత్త మక్కల లెక్క మెరుస్తయి. రేపు దీన్ని సుత ల్యాబ్‌ల చూపిస్త, కాని నాకు అనుమానం లేదు. ఇంకోటి, గీ పాళ్ళు నాకు ఎరికే."

"ఎరుకంటే?"

"రెండేండ్ల కింద ఓడ మీద ఉన్నప్పుడు ఒక పరదేశం రేవు ముంగట నీళ్ళు తోడినం. చుట్టుముట్టు సముద్రం ఒక తీరు ఉంటే, అక్కడొక్క చార వేరే తీరు. ఎంబడి వడి పోతే నది ఒడ్డున రంగుల ఫ్యాక్టరీ తేలింది. ఒక్క పాత గని సీసమే వాడ్తరు వాళ్ళు. బర్రె నెత్తుట్ల ఉన్నది అచ్చం గదే."

సముద్రం మొహం చూడని బర్రె నెత్తుటిలో సముద్రం జాడ! ప్రమీలాదేవికి ఒళ్ళంతా పులకరించింది. మేనకోడలి నెత్తి మీద గట్టిగా ముద్దు పెట్టింది. అదే సమయానికి కట్టు కొయ్య దగ్గరి ముసలి బర్రె మెడ చాచి కర్ణాకర్ టోపీని నాకింది.

"అయ్యో, గంగకు చూపు వచ్చింది!" బాలలక్ష్మి చప్పట్లు కొట్టి, గంగ మెడకు వాటేసుకుని ఏడ్చింది. డాక్టరు సూదుల గుణం కనపడింది. తడిసిన టోపీ తుడుచుకుంటూ కర్ణాకర్ కూడా నవ్వాడు.

"మేడం," అన్నాడు ఆఖరికి, "మిల్లుకు నా జీపుల పోదామా?"

"ముందు స్టేషన్‌కు ఫోన్ కొట్టు. నాగేశ్‌కు చాయ్ పోసి ఇంటికి పంపు."

అతను ఫోన్ తీశాడు.

* * *

రాయపోల్ దారిలో ఉన్న మిల్లు గేటు దగ్గరే మధుసూదన్ ఎదురొచ్చాడు. భూములున్న కుటుంబం, దాణా వ్యాపారం, త్వరలో ఎన్నికల్లో నిలబడే ఆలోచన. తెల్ల చొక్కా, నిండైన నవ్వు.

"రాండ్రి అక్కా, రాండ్రి! ఇన్‌స్పెక్టర్ సారు సుత వచ్చిండా? చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు తమ్మీ. ఒక్క ముచ్చట అడిగి పోతం. బాలలక్ష్మి తొట్టిల బ్యాటరీ చూసి 'సీసం' అన్నవంట. నీకెట్ల తెలిసింది?"

"డాక్టర్ చెప్పిండు కదక్కా."

"గా రోజు డాక్టర్ పిచ్చి అంటుండె. రిపోర్టు రాలే."

మధుసూదన్ నవ్వు తగ్గలేదు. "అయితే ఇన్‌స్పెక్టర్ సారే అని ఉంటడు."

"నాకు చెప్పిందే నువ్వు," అన్నాడు కర్ణాకర్. రెండు అడుగులు ముందుకేసి అతనికి ఎదురుగా నిలబడ్డాడు. "ఫోన్‌ల నువ్వన్న మాట నాకు యాదికున్నది. మోసపోయినోడు మరుస్తడా?"

"బ్యాటరీల సీసం ఉంటదని ఎవ్వలకైనా ఎరికే సార్!"

"మంచి మాట," ప్రమీలాదేవి తల ఊపింది. "మరి పాత దాణా బస్తాలు ఎందుకు వాపసు తెచ్చినవ్? బర్లను తిన్నది బ్యాటరీ అయితే దాణా ఏం చేసింది?"

మధుసూదన్ నవ్వు పెదాల మీద మిగిలింది, కళ్ళల్లో ఆరిపోయింది. అంతలో మిల్లు వెనక నుంచి కృతిక కేకేసింది. ఆ పిల్ల ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు. రేకుల షెడ్డులో, మక్క బస్తాల చాటున, పరదేశపు అక్షరాలున్న డ్రమ్ములు వరసగా ఉన్నాయి. నేలంతా నిమ్మపండు రంగు.

"గదే రేవు పేరు అత్తమ్మా," కృతిక డ్రమ్ము మీది అచ్చును చూపించింది. "నేను నీళ్ళు తోడిన రేవు."

మధుసూదన్ బస్తా మీద కూలబడ్డాడు. "మక్కలు తడిసి నల్లవడ్డయి అక్కా. పారబోస్తే మునిగిపోత. అమ్మేటోడు ఉత్త రంగే అన్నడు. బర్లు సచ్చినంక డ్రమ్ము మీద ఏం రాసిన్రో చదివిపిచ్చుకున్న, గప్పుడు తెలిసింది సీసమని. పాత లారీ బ్యాటరీ ఉండె. తీస్కపోయి ఏసిన. నాగేశ్‌ను వడ్తరని అనుకోలే."

"స్టిక్కర్ పీకకుంట ఏసి, అనుకోలేదంటవా?"

కర్ణాకర్ మధుసూదన్ భుజం మీద చెయ్యేశాడు. ఆ క్షణాన ప్రమీలాదేవికి నాగేశ్ ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టు కనిపించి గుండె తేలికైంది. కేసు అయిపోయినట్టే. జీపు వైపు రెండు అడుగులు వేసి మళ్ళీ ఆగింది. ఒక్కో డ్రమ్మునూ చేత్తో తట్టింది. అన్నీ డొల్ల మోతే. అన్నీ అడుగు దాకా గీకేసి ఉన్నాయి.

"మక్కలకు జరంత చాలంటివి కదా బిడ్డా?"

"పిడికెడు సుత ఎక్కువే."

"మరి గిన్ని డ్రమ్ముల పొడి ఏడికి పోయింది మధుసూదన్?"

అప్పుడే ప్రమీలాదేవి ఫోన్ మోగింది. ఉష గొంతు సంతోషంతో ఎగిరెగిరి పడుతోంది.

"మేడం! మా ఆయనను ఇడిశిన్రు మేడం! మీ కాళ్ళు మొక్కుత. మా మహిళా సంఘం ఆడోళ్ళందరికి చెప్దామని సిద్దిపేట ఫంక్షన్ హాలుకు వచ్చినం. మధుసూదన్ సారు దావత్ ఇస్తుండు కదా, ఆడోళ్ళందరికి ఆయన ఫోటో ఏసిన పసుపు ప్యాకెట్లు పంచుతున్రు. నేను సుత వంటకాడ చెయ్యేసిన, పెద్ద గంజుల పప్పు ఉడుకుతున్నది, గా పసుపే ఏసి..."

ప్రమీలాదేవి మధుసూదన్ మొహం చూసింది. డ్రమ్ముల్లోని పొడి ఏ ప్యాకెట్లలోకి పోయిందో ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది.

"ఉషా! గంజు కింద వడెయ్యి!"

"ఏంది మేడం?"

"పప్పు పారబొయ్యి! ఎవ్వలు నోట్ల పెట్టొద్దు! గా పసుపుల విషమున్నది!"

అటు నుంచి పెద్ద చప్పుడు. ఇనుప గంజు బండల మీద దొర్లిన మోత, ఆడవాళ్ళ కేకలు, "ఏం చేస్తున్నవే పిచ్చిదానా?" అని ఎవరో అరుపు. మళ్ళీ ఉష లైన్లోకి వచ్చింది, వగరుస్తూ. "వడేసిన మేడం. కాళ్ళ మీద చిందింది గని, వడేసిన."

"శెభాష్! ఎవలన్న తిన్నరా?"

"లేదు, ఇంక వడ్డియ్యలే."

కృతిక మేనత్త చెయ్యి పట్టుకుంది.

"ప్యాకెట్లన్ని ఒక్క జాగల కుప్పెయ్యి ఉషా. నేనొస్తున్న."

"కుప్పేసుడు యాడిది మేడం? పొద్దటి సంది వాడవాడకు ఆటోలల్ల పంపిన్రు. హాల్ల మిగిలినయి గివే. ఊరంత పోయినయి."

అంతసేపూ హాలుకూ ఇంటికీ ఫోన్ చేస్తున్న మధుసూదన్ లేచి నిలబడ్డాడు. "నేను గా పసుపు ఇంటికి తేలేదక్కా. ఇంట్ల వాడొద్దని చెప్పిన. కాని నా ఫోటో ఉన్నదని మా అమ్మ పొద్దుగాల్నే నాలుగు ప్యాకెట్లు అడిగి తీస్కపోయిందంట. మనవరాలికి పాలల్ల పసుపు కలిపి తాపుతది రోజు. ఫోన్ ఎత్తుతలేదు. ముందు మా ఇంటికి పోనియ్యుండ్రి."

ప్రమీలాదేవి అతని కళ్ళలోకి చూసింది.

"ఎక్కు. మీ ఇల్లు సుత తొవ్వల్నే ఉన్నది. కర్ణాకర్, జీపుల మైకు పని చేస్తదా?"

"చేస్తది మేడం."

"అయితే బండి నువ్వు నడుపు, మైకు నాకియ్యి."

జీపు గేటు దాటింది. కృతిక వెనక సీట్లోంచి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, దవాఖానకు, మునిసిపాలిటీకి, డాక్టరుకు. సిద్దిపేట మొదటి వాడ మొదట్లోనే ప్రమీలాదేవి గొంతు సవరించుకుని మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఆ గొంతుకు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"అక్కలారా, చెల్లెలారా! ఇయ్యాల పొయ్యి మీద ఏమున్నా సరే, కిందికి దించుండ్రి! ఫోటో ఉన్న పసుపు ఎవ్వలు ముట్టొద్దు!"

మూడో ఇంటి గుమ్మంలో, చేతిలో పాల గ్లాసుతో ఒక ముసలామె నిలబడి ఉంది. ఆ గ్లాసులో అంచు దాకా నిండిన పాలు అప్పటికే పచ్చగా ఉన్నాయి. పక్కన నిలబడ్డ చిన్న పిల్ల గ్లాసు కోసం చెయ్యి చాచింది.

"అమ్మా!" అని అరిచి, జీపు ఆగకముందే మధుసూదన్ కిందికి దూకాడు.